ఐగుప్తు పొలిమేరలో అబ్రాము

ధ్యాన భాగము: ఆదికాండము 12:10–20, 13:1–4



విదేశములకు చదువుకొనబోవు యౌవనస్థుల నిమిత్తము ప్రార్థింపుమని మన సంఘములలో వచ్చు మనవులు ఏటేట పెరుగుచున్నవి. పూర్వము ఇట్టి మనవులు పట్టణ సంఘములలో మాత్రమే వినబడెడివి. ఇప్పుడు రెండువందల గడపలైనను లేని పల్లెలలో గూడ ఆదివారపు ఆరాధనలో ఎవరో ఒక తల్లి లేచి, తన బిడ్డకు వీసా రావలెనని కన్నీటితో అడుగుచున్నది. 2023–24 విద్యా సంవత్సరములో అమెరికా దేశమున చదివిన మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది అని లెక్క తేలెను. ఆ యేడు చైనాను మించి మన దేశమే మొదటి స్థానమున నిలిచినది. అందులో తెలుగువారి పాలు చిన్నది కాదని హైదరాబాదు, విజయవాడ, గుంటూరు వీధులలోని బోర్డులు చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ మనవులను మేము తేలికగా ఎంచుటలేదు. బడి గడప తొక్కనియ్యబడని తాతలకు మనుమలైనవారు, మిషను బడి అరుగుమీద ఓనమాలు దిద్దిన అవ్వలకు మనుమరాండ్రైనవారు, నేడు సముద్రములు దాటి యంత్రశాస్త్రమును, ఔషధశాస్త్రమును నేర్వబోవుట దేవుడు చేసిన మేలు గాక మరేమి? అందు సందేహము లేదు. అయితే ఆ మనవులతో కూడ ఒక ప్రశ్నయు మన గుమ్మములోనికి వచ్చుచున్నది. దానిని గూర్చి సంఘములో బాహాటముగా మాటలాడువారు తక్కువ. మంచి గమ్యమునకు పోవుచున్నప్పుడు మొదటి అడుగు అబద్ధముతో వేయవచ్చునా?

సంగతి తెలియని పెద్దలకొరకు కొంచెము వివరింతుము. అమెరికాలోని విశ్వవిద్యాలయము ఒక విద్యార్థిని చేర్చుకొనునప్పుడు ఐ-20 అను పత్రము నిచ్చును. ఫీజు ఇంత, అద్దెకు భోజనమునకు ఇంత అని ఒక సంవత్సరపు లెక్క అందులో ఉండును. ఆ ధనము తనకు గాని తన వారికి గాని కలదని, లేక బ్యాంకు అప్పు మంజూరైనదని విద్యార్థి కాగితములు చూపవలెను. ఇంగ్లండువారు ఆ సొమ్ము వరుసగా 28 దినములు ఖాతాలో నిలిచి యుండవలెనందురు. జర్మనీవారు మరియొక మార్గము పట్టిరి. 2024 సెప్టెంబరునుండి సంవత్సరమునకు 11,904 యూరోలు ముందుగనే ఒక ఖాతాలో వేసి కట్టడి చేయవలెను; విద్యార్థి అక్కడికి చేరిన పిమ్మట నెలకు 992 యూరోల చొప్పున అతనికే అది తిరిగి వచ్చును.

మన యొద్ద ‘చూపుడు డబ్బు’ అను వ్యాపారము ఈ నియమముల నీడనే పుట్టినది. మధ్యవర్తి యొకడు కమీషను పుచ్చుకొని, ఇరువదియో ముప్పదియో లక్షలు కొన్నాళ్లపాటు ఆ కుటుంబము పేరిట ఖాతాలో వేయును. బ్యాంకు కాగితము చేతికి వచ్చినంతనే ఆ సొమ్ము వచ్చిన దారినే పోవును. ఇదిగాక, తాను చేయని ఉద్యోగమునకు అనుభవ పత్రము, తాను వ్రాయని ఉద్దేశ పత్రము, తప్పిన పరీక్షలు కనబడని మార్కుల జాబితా, వీటికన్నిటికి వేరువేరు ధరలు గలవు.

మా సంఘములోని ఒక తల్లి ఈ సంగతి మాతో దాపరికము లేకుండ చెప్పినది. ఆమె పొదుపు సంఘములో లెక్కలు వ్రాయు మనిషి, ఒక్క రూపాయి తప్పు పోనియ్యదు. “అయ్యగారూ, అందరూ చేసేదేనండి. డబ్బు ఎవరిదీ దొంగిలించడం లేదు కదండీ. ఆయనది ఆయనకే పోతుంది. ఒక కాగితం కోసం చూపిస్తాం, అంతే” అని ఆమె అనెను. మేము వెంటనే బదులు చెప్పలేదు. ఆమె మాటలో బలము కలదు. ఎవని జేబునుండియు ఒక్క పైసా పోని చోట పాపమెక్కడ నున్నది?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు మనము అబ్రాము చరిత్రకు పోవుదము.

కనాను దేశమున కరవు వచ్చెను. అబ్రాము ఐగుప్తుకు బయలుదేరెను. ఆ ప్రయాణమును దేవుడు ఆజ్ఞాపించినట్లు వాక్యములో లేదు, నిషేధించినట్లును లేదు. కరవు వచ్చినప్పుడు ధాన్యమున్న చోటికి పోవుట తప్పు కాదు. మన తాతలు రంగూనుకు పోలేదా? అయితే పొలిమేర దగ్గరకు వచ్చునప్పటికి అబ్రామునకు భయము పట్టెను. శారయి సౌందర్యవతి గనుక ఆమె కొరకు తన్ను చంపుదురని తలంచి, నీవు నా సహోదరివని చెప్పుమని ఆమెను బతిమాలుకొనెను. ఇది వట్టి అబద్ధమును కాదు. ఆమె అతని తండ్రికి కుమార్తె, తల్లికి మాత్రము కుమార్తె కాదని ఇరువదియవ అధ్యాయములో అతడే చెప్పుకొనెను. అనగా అతడు చూపిన కాగితము సగము నిజమైనది.

పూర్వ వేదాంతులలో అగస్టీనుగారు అబద్ధమును గూర్చియే రెండు గ్రంథములు వ్రాసిరి. ఎంత మేలు కలుగునదైనను అబద్ధము కూడదని ఆయన గట్టిగా బోధించెను. ఐనను అబ్రాము విషయమున ఆయన కొంత దయ చూపెను: సత్యములో కొంత మరుగుపరచుట వేరు, అసత్యము పలుకుట వేరు, అబ్రాము మరుగుపరచినాడే గాని అబద్ధమాడలేదు అని ఆయన వాదము. అంతటి పండితునికి ఎదురాడుటకు మేము చాలము. అయితే ఈ చోట మేము ఆయన వెంట పూర్తిగా పోలేకున్నాము. ఏలయనగా ఆ సగము నిజము ఏమి చేసినదో ఆ తరువాతి వచనములలోనే యున్నది. శారయి ఫరో యింటికి తేబడెను. మాట చెప్పినవాడు అబ్రాము, వెల కట్టినది శారయి. ఫరో ఇంటివారికి గొప్ప వేదనలు కలిగెను. వారికి ఈ సంగతి తెలియనే తెలియదు. అబ్రామునకు మాత్రము గొఱ్ఱెలు, ఎడ్లు, గాడిదలు, ఒంటెలు, దాసదాసీలు దొరికెను. అతని అబద్ధము ఫలించెను! లేఖనము ఆ లాభమును దాచిపెట్టదు. అబద్ధమాడినవాడు వెంటనే నష్టపోవునని చెప్పుట మనకు సులువు, గాని అది వాక్యమునకును లోకానుభవమునకును సరిపోదు. చూపుడు డబ్బుతో పోయి నేడు మేడలు కట్టినవారు మన చుట్టుపట్లనే యున్నారు.

కడకు ఫరో అతనిని పిలిచి, ఇట్లు ఎందుకు చేసితివని అడిగెను. అబ్రాము పలికిన బదులు ఒక్కటియు వ్రాయబడలేదు. విశ్వాసులకు తండ్రియైనవాడు అన్యరాజు ఎదుట నోరు మెదపలేక నిలుచుట కంటె సిగ్గుపుట్టించు దృశ్యములు పరిశుద్ధ గ్రంథములో కొద్దియే. ఫరో తన మనుష్యులను వెంట పంపి, అతనిని, అతని భార్యను, అతనికి కలిగిన సమస్తమును దేశమునుండి సాగనంపెను. నేటి భాషలో చెప్పవలెనన్న, తిప్పి పంపెను.

2023 ఆగస్టులో 21 మంది భారతీయ విద్యార్థులను అమెరికా విమానాశ్రయములనుండే ఇట్లు తిప్పి పంపిరి. వారిలో ఎక్కువమంది తెలుగువారని పత్రికలు వ్రాసెను. ఆ పిల్లలందరు తప్పు చేసిరని మేము అనము, ఎవరి కాగితము ఎట్లుండెనో దేవునికి ఎరుక. దానికి ముందు 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయము మూతపడినప్పుడు మన పిల్లల చీలమండలకు రేడియో పట్టీలు తగిలించిరి. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము పేరిట నూరుమందికి పైగా విద్యార్థులు పట్టుబడిరి. అక్కడ తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. ఆ విశ్వవిద్యాలయమును ప్రభుత్వపు అధికారులే నిఘాకొరకు స్థాపించియుండిరి. ఇట్లు వల పన్నుట ఒక ప్రభుత్వమునకు తగునా అని మేమును అడుగుదుము. అయితే ఆ వలలోనికి పిల్లలను తోలి కమీషను పుచ్చుకొన్నారని నేరము మోపబడిన ఎనిమిదిమందిలో మన తెలుగువారు ఉండిరన్నది మనకు మరింత బాధ కలిగించవలెను.

అబద్ధపు కాగితముతో వీసా కోరినట్లు తేలినచో జీవితకాలమంతయు తలుపు మూయబడవచ్చునని అమెరికా చట్టము. ఐనను పట్టుబడుదుమను భయము మీద మేము ఈ వాదమును కట్టుటలేదు. పట్టుబడనివారే యెక్కువ. పట్టుబడకపోయిన యెడల అది ఒప్పగునా అన్నదే ప్రశ్న.

ఆ తల్లికి కొన్ని దినముల తరువాత మేము చెప్పిన బదులు ఇది. వీసా అధికారి అడుగు ప్రశ్న, నిజముగా చూచినచో, తల్లి అడుగవలసిన ప్రశ్నయే. నీవు అక్కడ ఏమి తిందువు? ఎక్కడ పండుకొందువు? ఫీజు ఎవరు కట్టుదురు? లూకా సువార్త పదునాలుగవ అధ్యాయములో మన ప్రభువు చెప్పిన మనుష్యుడు గోపురము కట్టనెంచి మొదట కూర్చుండి లెక్క చూచుకొనును, పునాది వేసి ముగింపలేక నవ్వులపాలగుదునేమో అని. ఆ అధికారి కోరునది ఈ లెక్కయే. చూపుడు డబ్బు పెట్టినప్పుడు ఆ లెక్క చెడిపోవును. మొదట మోసపోవువాడు అధికారి కాడు, కాగితము చేత పట్టుకొన్న కుమారుడే. ఎట్లనగా, కాగితము మీద ముప్పది లక్షలున్నవి గనుక ఇంటిలో ఎవరును కూర్చుండి నిజమైన లెక్క వేయరు. ‘అక్కడికి పోతే ఏదో ఒకటి దొరుకుతుంది’ అను ఒక్క మాటతో లెక్క ముగియును.

ఆ లెక్క ఇప్పుడు మనము వేయుదము. నలువది లక్షలు అప్పు తెచ్చిరనుకొందము. వడ్డీ నూటికి సాలుకు పదునొకండు అనుకొనినచో ఏడాదికి 4,40,000 రూపాయలు, నెలకు సుమారు 36,700. చదువు రెండేండ్లు. సాధారణముగా చదువు ముగిసిన ఆరు నెలలకో సంవత్సరమునకో వాయిదాలు మొదలగును. ఏడాది గడువే ఇచ్చిరనుకొనినను, ఈ మూడేండ్లలో బారువడ్డీయే 13,20,000 అగును. అనగా ఒక్క రూపాయి కట్టకమునుపే నలువది లక్షల అప్పు 53,20,000 అయినది. ఇక రాబడి. తరగతులు జరుగు కాలమున విద్యార్థి వారమునకు 20 గంటలు మాత్రమే, అదియు విశ్వవిద్యాలయపు ఆవరణలోనే పనిచేయుటకు అమెరికా చట్టము అనుమతించును. మొదటి సంవత్సరము బయట పనికి అనుమతి దొరకదు. గంటకు 12 డాలర్లు వచ్చునని పెట్టుకొన్నను వారమునకు 240. పని దొరికినప్పుడు మాట యిది. దానితో అద్దెలో పాలును, భోజనమును గడచుటయే కష్టము. ఫీజు కట్టుట కల్ల.

కావున చూపుడు డబ్బుతో పోయిన పిల్లవాడు మొదటి మాసముననే రెండవ అబద్ధమునకు సిద్ధపడవలెను. రాత్రివేళ పెట్రోలు బంకులోనో హోటలు వెనుక వంటగదిలోనో చాటుగా పని చేయును. అక్కడి యజమాని, ఒక్కొక్కప్పుడు మన తెలుగువాడే, జీతము సగము ఎగవేసినను ఫిర్యాదు చేయలేడు. పోలీసు బండి కనబడిన గుండె ఝల్లుమనును. ఇంటికి ఫోను చేసి, అంతా బాగుందమ్మా అనును; అది మూడవది. పల్లెలో తల్లి సాక్ష్యమిచ్చి స్తోత్రము చెప్పుచుండును. మేము ఊహించి వ్రాయుటలేదు. సెలవులకు వచ్చిన పిల్లలు రాత్రి చీకటిలో మా వసారాలో కూర్చుండి చెప్పిన మాటలు ఇవి.

చేతితో పని చేయుట చిన్నతనమని మేము ఈ మాట చెప్పుటలేదు. భీమవరమువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల తొలినాళ్లలో బోస్టన్ నగరమునకు వైద్యము నేర్వబోయి, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్ట పోసికొనెను. ఆ చేతులే తరువాత లోకమంతటికి మందులు కనుగొనెను. ఆయన చేసిన పని బహిరంగమైనది, దానిని ఎవరికిని దాచనక్కర లేకపోయినది. మనిషి వెన్ను విరుచునది పని బరువు కాదు, దానిని దాచవలసి వచ్చుటయే.

బైబిలు బాగుగా చదివిన ఒక యౌవనస్థుడు మాతో వాదించెను. హెబ్రీ మంత్రసానులు ఫరోతో అబద్ధమాడలేదా, రాహాబు వేగులవారిని దాచి రాజు మనుష్యులను దారి తప్పింపలేదా, దేవుడు వారికి మేలు చేయలేదా, మరి ధనిక దేశములు మన బీదలమీద వేసిన అడ్డుగోడను దాటుటకు ఒక కాగితము తప్పు చూపిన ఏమి అని అతడు అడిగెను. ఇది తేలికగా తోసివేయదగిన వాదము కాదు. వేదాంతులే ఆ స్త్రీలను గూర్చి ఏకమనస్సుతో లేరు. మేము అతనికి చూపినది ఒక్క భేదము. మంత్రసానులు పసిబిడ్డల ప్రాణము కాపాడుటకు తమ ప్రాణము ఒడ్డిరి. రాహాబు ఇద్దరి ప్రాణము దాచుటకు తన మెడ ఉరికి దగ్గర చేసికొనెను. వారి అబద్ధపు వెల వారిమీదనే పడవలసియుండెను. అబ్రాము అబద్ధపు వెల శారయి మీద పడినది. చూపుడు డబ్బు వెల ఎవరి మీద పడును? మన ఊరినుండి, మన జిల్లానుండి రేపు నిజమైన కాగితముతో పోవు బీదవాని బిడ్డ మీద పడును. అతడు కిటికీ ముందు నిలుచునప్పుడు, ఈ ప్రాంతమువారి కాగితములు నమ్మదగవని ముందే నిశ్చయించుకొన్న చూపు అతనికి ఎదురగును. అతని తండ్రి నిజముగా రెండెకరములు అమ్మియుండును. ఆ యౌవనస్థుడు ఒప్పుకొనలేదు. ఆలోచించెదనని మాత్రము చెప్పి వెళ్లెను. అడ్డుగోడ అన్యాయమైనదని అతడు చెప్పిన మాటను మేమును కాదనము. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు హెచ్-1బి వీసాతో క్రొత్తగా పనివానిని రప్పించు యజమాని లక్ష డాలర్లు కట్టవలెనని ప్రకటించినప్పుడు ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలుగలేదో మేము ఎరుగుదుము. అన్యాయమైన గోడను గోడగా పిలిచి బహిరంగముగా వాదించుట మన ధర్మమే.

ఇక కిటికీలో అడుగు రెండవ ప్రశ్న: చదువు ముగిసిన తరువాత తిరిగి వత్తువా? అమెరికా చట్టము ప్రకారము విద్యార్థి వీసా తీసికొనువానికి తన దేశపు నివాసమును విడిచిపెట్టు ఉద్దేశము ఉండకూడదు. పదిమందిని అడిగినచో పదిమందియు వచ్చెదమందురు. కన్సల్టెన్సీవారు ఆ వాక్యమును వల్లె వేయింతురు. ఇది చూపుడు డబ్బు వంటిదేనా? కొంత భేదము కలదని మా అభిప్రాయము. ఇరువదిరెండేండ్లవానికి తన మనస్సు తనకే తెలియదు. యాకోబు తన పత్రికలో, ఫలాని పట్టణమునకు పోయి ఏడాది యుండి లాభము సంపాదింతుమని చెప్పుకొనువారితో, రేపేమి సంభవించునో మీకు తెలియదు గదా అని చెప్పెను. చదువు ముగిసిన మీదట పండ్రెండు నెలలు, విజ్ఞాన సాంకేతిక శాస్త్రములు చదివినవారికైతే మరి యిరువదినాలుగు నెలలు అక్కడ పని నేర్చుకొనుటకు ఆ దేశపు ఏర్పాటే కలదు. కావున ‘చదువుదును, మీ చట్టము అనుమతించినంతకాలము పని నేర్తును, నా వారు నా ఊరిలో ఉన్నారు, తిరిగి పోవుదును’ అని మనస్ఫూర్తిగా చెప్పగలవాడు అబద్ధికుడు కాడు, రేపు అతని మార్గము మారినను. ఇల్లు, పెండ్లి, స్థిరనివాసము అన్నియు ముందే నిశ్చయించుకొని ఆ మాట చెప్పువాని సంగతి వేరు.

మాకు వింతగా తోచునది ఏమనగా, ఈ ప్రశ్నను అపరిచితుడైన అధికారి అడుగువరకు ఇంటిలో ఎవరును అడుగరు. తండ్రి అడుగడు, అడిగిన దూరమగునేమో అని. కుమారుడు చెప్పడు. తల్లికి మందులు ఎవరు తెత్తురు, చెల్లెలి పెండ్లి ఎవరు చూతురు, తండ్రి మంచాన పడిన ఎవరు ఎత్తుదురు, ఇవి విమానము ఎక్కకముందు చాప మీద కూర్చుండి మాటలాడవలసిన సంగతులు. సుబ్బారావుగారు 1948లో న్యూయార్కులో మరణించెను. ఇంటికి తిరిగి రానే లేదు. లోకమునకు కలిగిన మేలు లెక్కింపరానిది. ఇక్కడ ఆయన భార్య కనిపెట్టుకొనియున్న సంవత్సరములను ఏ త్రాసులో తూచవలెనో మాకు తెలియదు. ఆయనను తప్పు పట్టుట మా పని కాదు. ఇంటివారితో తేటగా మాటలాడి పోవుట మాత్రము నేటి పిల్లల చేతిలోని పని.

ఉద్దేశమును పరీక్షించుట క్రొత్త సంగతి కాదు. మన తెలుగు సంఘ చరిత్రలోనే పెద్ద నిదర్శనము కలదు. 1876–78 కరవు కాలమున ఒంగోలులోని క్లౌగు దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని వేలమందికి కూలి యిప్పించిరి. ఆ జనములో అనేకులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఏడాదికి పైగా ఎవరికిని ఇయ్యలేదు. గింజలకొరకు వచ్చిరో క్రీస్తుకొరకు వచ్చిరో కరవు పోయిన తరువాత తెలియునని నిలిపివేసెను. సహాయపు పనులు ముగిసిన మీదట 1878 జులై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారు మనలో అనేకులకు ముత్తాతలు. నీవెందుకు వచ్చితివని అడిగినప్పుడు నిజము చెప్పి, కనిపెట్టి, లోనికి వచ్చినవారి సంతానము మనము.

సంఘ కాపరుల సంగతియు రెండు మాటలు. పిల్లలు పత్రములకొరకు మన యొద్దకు వత్తురు. మూడేండ్లు సండేస్కూలు నడిపెనని వ్రాయుమందురు. నడపలేదని ఇద్దరికిని తెలియును. అట్టి యొకనికి మేము, పండుగలకు బల్లలు మోసినాడనియు, తుపాను రాత్రి చర్చి పైకప్పు రేకులు ఎగిరిపోకుండ మిద్దెమీద తాడు పట్టుకొని నిలిచినాడనియు వ్రాసి యిచ్చితిమి. అతడు చదివి మొదట ముఖము చిన్నబుచ్చుకొనెను, తరువాత నవ్వెను. దానివలన లాభమో నష్టమో మేము అడుగలేదు.

ప్రార్థనను గూర్చి. హైదరాబాదు దగ్గర చిలుకూరులో వీసాకొరకు ప్రదక్షిణలు చేయువారిని చూచి మనవారు నవ్వుదురు. నవ్వనక్కరలేదు. ఇరువదియొక్క దినములు ఉపవాస ప్రార్థన పెట్టించి, పాస్‌పోర్టు పుస్తకమును బల్లమీద నుంచి చేయి ఉంచుమనువారు మనలో లేరా? ఆ పుస్తకముతో పాటు బ్యాంకు కాగితమును కూడ ఆ బల్లమీద ఉంచగలరా అని మేము అడుగుచున్నాము. 2025 జూనునుండి అమెరికావారు విద్యార్థుల సామాజిక మాధ్యమ ఖాతాలను గూడ తెరిచి ఉంచుమని కోరుచు వచ్చిరి. ఫోనులో దాచినది అందరికిని కనబడుననగానే మన పిల్లలు రాత్రికి రాత్రి ఎన్నో తుడిచివేసిరి. మనిషి చూపునకు ఇంత సిద్ధపాటు!

ఇట్లు చెప్పినంతమాత్రమున మేము పోవద్దనుటలేదు. దానియేలును అతని ముగ్గురు స్నేహితులును పరదేశపు విద్యార్థులే. మూడు సంవత్సరముల చదువు, క్రొత్త భాష, క్రొత్త లిపి. తలిదండ్రులు పెట్టిన పేరు తీసివేసి క్రొత్త పేరు పెట్టిరి. వారు ఆ చదువును తిరస్కరింపలేదు, ఆ పేరుతోను పోరాడలేదు. భోజనపు బల్ల దగ్గర మాత్రము నిలిచిరి. నిలిచిన తీరు గమనింపదగినది. తమమీద నియమింపబడినవాడు రాజునకు భయపడుచున్నాడని ఎరిగి, అతనిని మోసపుచ్చలేదు. భోజనము చాటుగా పారవేసి తిన్నామని చెప్పలేదు. పది దినములు పరీక్షించి చూడుమని మర్యాదగా అడిగిరి. ఏది విడువవచ్చునో, ఎక్కడ నిలువవలెనో బబులోను చేరకముందే వారికి తెలిసియుండెను. మన పిల్లలకు మనము చేయవలసిన సిద్ధపాటు ఇట్టిది: చలికోటు, ఆవకాయ సీసా, ప్రెషరు కుక్కరు ఎవరైనను సర్దుదురు.

అబ్రామును గూర్చిన మరియొక సంగతి చెప్పక మానలేము. కనానులో ఉన్నంతకాలము అతడు బలిపీఠములు కట్టి ప్రార్థించినట్లు వ్రాయబడినది. ఐగుప్తులో కట్టినట్లు లేదు. పదమూడవ అధ్యాయములో తిరిగివచ్చి, బేతేలు దగ్గర మొదట కట్టిన చోటికి పోయి అక్కడ ప్రార్థించెను. ఆ మధ్యకాలమున ప్రార్థింపలేదని మేము నిశ్చయముగా చెప్పజాలము. లేఖనము మౌనముగా ఉన్నది. అయితే ఇరువదియారవ అధ్యాయములో అతని కుమారుడైన ఇస్సాకు గెరారునకు పోయి, తన భార్యను సహోదరి అని చెప్పెను. ఆమె అతనికి సహోదరి కాదు. తండ్రి చెప్పినది సగము నిజము. కుమారుని నోట అది పూర్తి అబద్ధమైనది.

ఆ తల్లి సంగతి చెప్పి విడిచెదము. ఆమె మధ్యవర్తికి కబురు పంపి ఆ యేటికి వద్దనెను. కుమారుడు రెండు దినములు అన్నము మాని అలిగి, పిమ్మట గుంటూరులో ఒక కంపెనీలో చేరెను. ఫీజు తక్కువైన జర్మనీ విశ్వవిద్యాలయములను గూర్చి ఇప్పుడు విచారించుచున్నాడు, భాష నేర్చుకొనుచున్నాడు. అతడు పోవునో లేదో ఇంకను తెలియదు. తల్లి మీద కోపము పూర్తిగా పోలేదనియు విన్నాము.

వచ్చే జనవరి, ఆగస్టు చదువులకు కాగితములు పెట్టనున్న యౌవనస్థులును వారి తలిదండ్రులును రెండవ ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే చర్చి వసారాలో కూడుకొనవలెను. బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసికొనిన మన సంఘపు పెద్ద ఒకరు వడ్డీ లెక్కలు వేసి చూపుదురు. ఏ ఇంటి లెక్క ఆ ఇంటితోనే, తలుపు మూసి మాటలాడుదుము. పాసుపుస్తకము, ఉన్నచో బంగారము కుదువపెట్టిన రసీదులు, భూమి కాగితములు వెంట తెచ్చుకొనుడి.